పైన పటారం, లోన తుప్పు

పాత మోటార్‌సైకిల్‌కు కొత్త రంగు వేయించడం తేలికే. దాని పెట్రోలు ట్యాంకును లోపలి నుంచి కడిగి, అవసరమైతే పూత పూయడమే అసలు పని. ఖరగ్‌పూర్ లాంటి రైల్వే ఊళ్లో ఈ పని చేసే చేతులకు కొదవ లేదు. కొదవల్లా ఓపికకే.

పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్ ఇనుముతో ముఖపరిచయం ఉన్న ఊరు. 20వ శతాబ్ది ఆరంభంలో బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు నెలకొల్పింది. ఫిట్టర్లుగా, ఖలాసీలుగా పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి పెద్ద సంఖ్యలో వచ్చిన జనం ఇక్కడే స్థిరపడ్డారు. 1928లో బిఎన్‌ఆర్ కార్మికుల సమ్మెను నడిపించిన వి.వి.గిరి ఆ తర్వాత రాష్ట్రపతి అయ్యారు. 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదిగా ఈ ఊరికి పేరు తెచ్చింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి ఆ పేరు పట్టుకుపోయాయి. నింపురా, మథురాకాటి కాలనీల్లో మాత్రం తెలుగు ఇంకా వినిపిస్తూనే ఉంది.

ఇలాంటి ఊరి క్వార్టర్ల వరండాల్లో పాత రాజ్‌దూత్‌లు, యెజ్డీలు, బుల్లెట్లు, ఆర్‌ఎక్స్ 100లు కనిపించడంలో ఆశ్చర్యం లేదు. 2001 నుంచి 2003 వరకు ఖరగ్‌పూర్‌లో టికెట్ తనిఖీ ఉద్యోగం చేసిన మహేంద్ర సింగ్ ధోనీ ఆ తర్వాత క్రికెట్‌తో పాటు పాత బళ్ల సేకరణకూ పేరుపడ్డారు. ఆయనకు గ్యారేజీ నిండా బళ్లుండవచ్చు. మామూలు ఉద్యోగి ఇంట్లో ఉండేది ఒక్కటే. ప్రావిడెంట్ ఫండ్ నుంచి అప్పు తీసి తండ్రి కొన్నది, పిల్లల్ని ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లింది, ఆయన రిటైరయ్యాక టార్పాలిన్ కింద చేరింది.

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తున్న కొడుక్కి ఒక పూజ సెలవుల్లో దాన్ని మళ్లీ నడపాలనిపిస్తుంది. ముందు రంగు వేయిస్తాడు. తర్వాత సీటు, టైర్లు, క్రోమియం. బండి తళతళలాడుతుంది. పెట్రోలు పోసి నాలుగు కిలోమీటర్లు వెళ్లేసరికి దగ్గి ఆగిపోతుంది. కార్బురేటర్ విప్పితే అడుగున ఎర్రమట్టి లాంటి పొడి. శుభ్రం చేసి బిగిస్తే మరో నాలుగు కిలోమీటర్లు. రోగం కార్బురేటర్‌లో లేదు, పైనున్న ట్యాంకులో ఉంది. అప్పటికి కొత్త రంగు పడిపోయింది కనుక ఇప్పుడా ట్యాంకును కదపాలంటే భయం. పాత బండి పునరుద్ధరణలో అందరూ చేసే పొరపాటు ఇదే. ఆఖరున చేయాల్సిన పనిని మొదట చేయడం.

తుప్పు పుట్టే చోటు

ట్యాంకు అంటే మిల్లీమీటరుకు అటూఇటూగా మందం ఉన్న ఉక్కు రేకు. పెట్రోలు దాన్ని తినదు. తినేది నీరు. మూత రబ్బరు అరిగిపోతే వాననీరు నేరుగా దిగుతుంది. మూత బాగున్నా నీరు రాకుండా పోదు. పగలు వేడికి ట్యాంకులోని గాలి వ్యాకోచించి బయటికి పోతుంది. రాత్రి చల్లబడ్డాక తేమతో నిండిన గాలి లోపలికి వస్తుంది. ఆ తేమ చల్లని రేకుకు చెమటలా పడుతుంది. బంగాళాఖాతం గాలి తగిలే ఖరగ్‌పూర్‌లో వానాకాలం నాలుగు నెలలూ ఈ ఊపిరి ఆడుతూనే ఉంటుంది. సగం ఖాళీగా వదిలేసిన ట్యాంకుకు నిండు ట్యాంకు కంటే ముందే తుప్పు పట్టడానికి కారణం ఇదే.

పెట్రోలు కంటే నీరు బరువు కనుక చుక్కలన్నీ అడుగుకు చేరతాయి. అందుకే బెజ్జాలు పైన పడవు. ట్యాంకు అడుగున, అతుకు వెంట, పెట్రోలు ట్యాప్ చుట్టూ పడతాయి. అక్కడ రంగు చిన్న బొబ్బలా లేస్తే లోపల రేకు పలచబడిందని అర్థం.

రాజ్‌దూత్ 175, యెజ్డీ లాంటి టూ స్ట్రోక్ బళ్లకు ఒక చిన్న వరం ఉండేది. వాటి పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోసేవారు. ఆ జిడ్డు రేకును కొంత కాపాడేది. ఆయిల్‌కు విడిగా డబ్బా ఉన్న ఆర్‌ఎక్స్ 100కు, ఫోర్ స్ట్రోక్ బుల్లెట్‌కు ఆ రక్షణ లేదు.

ఇప్పుడు దీనికి ఇథనాల్ తోడైంది. దేశంలో పెట్రోల్లో ఇథనాల్ వాటా 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అంతమాత్రాన ప్రతి తుప్పుకూ దాన్నే తిట్టడం న్యాయం కాదు. రోజూ తిరిగే బండిలో కొద్దిపాటి నీటిని తనలో కలుపుకుని ఇంజన్లోకి పంపేసేది కూడా అదే. చిక్కంతా నెలల తరబడి నిలబెట్టిన బండితోనే. తేమ ఒక హద్దు దాటాక నీరు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగున పొరలా నిలుస్తాయి. రేకు పలచబడే చోటు కూడా అదే కావడం దురదృష్టం. పైగా పాత రబ్బర్లను ఉబ్బించడం, పాత జిగురు పేరుకుపోయిన పొరల్ని కరిగించడం, ఇథనాల్‌ను దృష్టిలో ఉంచుకోకుండా తయారైన పూతలను ఊడదీయడం దీని అలవాటు.

ఖాళీ ట్యాంకే బాంబు

పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదకరం. పెట్రోలు ద్రవం పేలదు, ఆవిరి పేలుతుంది. అదీ గాలిలో సుమారు 1.4 నుంచి 7.6 శాతం వరకు కలిసినప్పుడు. నిండు ట్యాంకులో ఆవిరి చాలినంత గాలి ఉండదు. పెట్రోలు ఒంపేసి, అడుగున నాలుగు చుక్కలు మిగిల్చిన ట్యాంకులో పేలుడుకు కావలసిన పాళ్లు చక్కగా కుదురుతాయి. సున్నా కంటే 40 డిగ్రీలు తక్కువ చలిలో సైతం అంటుకోగల ఆవిరిని ఇచ్చే ద్రవమిది. బెంగాల్ శీతాకాలం దానికి ఒక లెక్క కాదు. ఈ ఆవిరి గాలి కంటే బరువు. నేల వెంట పాకుతూ వరండా నుంచి వంటింటి స్టవ్ దాకా పోగలదు.

అందుకే ఆరుబయటే పని. బీడీ, అగ్గిపెట్టె, నడుస్తున్న మోటారు, స్విచ్ బోర్డు దగ్గర్లో ఉండకూడదు. లోపలికి తొంగిచూడడానికి తీగ కట్టిన బల్బు దింపడం చావును పిలవడమే. కడగని ట్యాంకు మీద వెల్డింగ్ పెట్టించడం అంతకంటే ఘోరం. పెట్రోలు మోసే ట్యాంక్ వ్యాగన్లను మరమ్మతుకు ముందు ఆవిరితో శుభ్రం చేయడం రైల్వేలో నియమం. ఆ నియమం తెలిసిన ఊళ్లోనూ 12 లీటర్ల ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి 'చిన్నదే కదా' అనే ధీమా వచ్చేస్తుంది. అనుభవమున్న వెల్డర్ ట్యాంకును వేడి నీళ్లు, సబ్బుతో పలుమార్లు కడిగించి, అతుకు వేసే చోటు దాకా నీళ్లు నింపించి గానీ మంట వెలిగించడు. అలా అడగని వెల్డర్‌కు ట్యాంకు ఇవ్వకపోవడమే మేలు.

మరో జాగ్రత్త పాత బళ్లకే ప్రత్యేకం. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. అంతకు ముందు తిరిగిన బండి ట్యాంకు అడుగున ఎండిపోయిన మడ్డిలో సీసం అవశేషాలు ఉండవచ్చు. దాన్ని పొడిగా గీకడం, గొట్టంతో ఊదడం కూడదు. తడిగానే కడగాలి. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

చింతపండు సూత్రం

ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్లను చూసిన తరానికి ఈ పని కొత్తగా అనిపించదు. ముందు చింతపండుతో తోమి చిలుము వదిలిస్తారు. మెరిసే లోహం మీదే తగరం పట్టుకుంటుంది. చిలుము మీద పూసిన కళాయి నాలుగు రోజులు నిలవదు. ట్యాంకు విషయంలోనూ సూత్రం అదే.

మొదట మూత, పెట్రోలు ట్యాప్, లోపల మీటర్ ఫ్లోట్ ఉంటే అదీ విప్పి తీయాలి. వేడి నీళ్లలో డిటర్జెంట్ కలిపి ట్యాంకును రెండు మూడుసార్లు కడగాలి. జిడ్డు పోకుండా పోసిన ఆమ్లం తుప్పును తాకదు. ఈ దశలోనే నీళ్లు నింపి ఒక పూట వదిలేస్తే బెజ్జాలుంటే బయటపడతాయి. ఏం చేయాలన్న నిర్ణయం ఇక్కడ తీసుకోవాలి, పూత డబ్బా కొన్నాక కాదు.

పొరలు పొరలుగా లేచిన తుప్పు ఉంటే గుప్పెడు చిన్న నట్లో, పాత చెయిన్ ముక్కో వేసి, ట్యాంకును దుప్పటిలో చుట్టి అటూఇటూ దొర్లిస్తారు. ఎన్ని నట్లు వేశారో లెక్కపెట్టి, అన్నీ బయటికి వచ్చాయో లేదో మళ్లీ లెక్కపెట్టాలి. లోపల ఉండిపోయిన ఒక్క నట్టు బండి ఉన్నంతకాలం గలగలమంటూనే ఉంటుంది. రేకు బాగా పలచబడిన ట్యాంకులో మాత్రం ఈ మోటు పద్ధతి పనికిరాదు. కొత్త బెజ్జాలు పడతాయి.

ఆ తర్వాతిది రసాయనం పని. ఇంట్లో చేసుకునేవారికి అన్నిటికంటే నెమ్మదైనది కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం. లీటరు గోరువెచ్చని నీటికి 50 నుంచి 100 గ్రాములు కలిపి, ట్యాంకును అంచు దాకా నింపి, 12 నుంచి 24 గంటలు ఉంచితే చాలు. మధ్యమధ్య చూస్తుండాలి. తుప్పు కరిగాక కూడా వదిలేస్తే మంచి ఉక్కు మీద పడుతుంది. మెకానిక్‌లు ఎక్కువగా ఇష్టపడేది ఫాస్ఫారిక్ ఆమ్లం. అది తుప్పును కరిగించడమే కాక రేకు మీద ఫాస్ఫేట్ పొరను వదిలి కొంత రక్షణ ఇస్తుంది. దాన్ని నీటిలోకి పోయాలి తప్ప దానిలోకి నీటిని పోయకూడదు. బాత్రూమ్‌లు కడిగే యాసిడ్ జోలికి మాత్రం పోకూడదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం గంటలో తుప్పు వదలగొట్టే మాట నిజమే. తుప్పుతో పాటు రేకునూ తింటుంది. దాని ఆవిరి గొంతు పట్టేస్తుంది. కడిగిన కాసేపటికే ట్యాంకు మళ్లీ ఎర్రబారుతుంది.

ఐఐటీ ఉన్న ఊరు కనుక బ్యాటరీ చార్జర్‌తో తుప్పు తీసే విద్య తెలిసినవాళ్లూ ఖరగ్‌పూర్‌లో ఉండే ఉంటారు. ట్యాంకులో చాకలి సోడా కలిపిన నీళ్లు నింపి, మధ్యలో రేకుకు తగలకుండా ఇనుప కడ్డీ వేలాడదీసి, కడ్డీకి పాజిటివ్, ట్యాంకుకు నెగెటివ్ తీగ తగిలిస్తారు. ఇది మంచి ఉక్కును తినదు. కానీ హైడ్రోజన్ వాయువు విడుదలవుతుంది కనుక ఆరుబయటే చేయాలి, చార్జర్ ఆపాకే తీగలు విప్పాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీ వాడితే విషపూరితమైన క్రోమియం నీటిలో కలుస్తుంది. కనుక మామూలు ఇనుమే వాడాలి.

ఆమ్లం ఒంపేశాక వంట సోడా కలిపిన నీటితో కడిగి మిగిలిన పులుపును విరిచేయాలి. అప్పుడు నురగ, వాయువు వస్తాయి కనుక మూత బిగించకూడదు. చివరగా బాగా వేడి నీటితో కడిగి, వెంటనే బ్లోయర్‌తో ఆరబెట్టాలి. ఇక్కడ నిమిషాలే లెక్క. తడిగా వదిలేసి టీకి వెళ్లొస్తే తిరిగొచ్చేసరికి పలచని కాషాయ రంగు పరుచుకుని ఉంటుంది. త్వరగా ఆరుతుందని స్పిరిట్ పోసి, దాని మీద హెయిర్ డ్రయర్ పెట్టడం ఒక వింత తెలివి. పెట్రోలు ప్రమాదం తప్పించుకుని స్పిరిట్ ప్రమాదంలో పడడమే అది.

పూత ఆఖరి మెట్టు

శుభ్రమైన ప్రతి ట్యాంకుకూ పూత పూయాలన్నది పూత డబ్బాలు అమ్మేవారి సిద్ధాంతం. లోపల గట్టి రేకు బయటపడి, బెజ్జాలు లేకపోతే, బండి రోజూ తిరిగేదైతే పూత అక్కర్లేదు. కాస్త ఇంజనాయిల్ పోసి అన్ని వైపులా తిప్పి ఒంపేసి, వెంటనే పెట్రోలు నింపి నడపడమే దానికి మందు. పూత అవసరమయ్యేది గుంటలు పడిన రేకుకు, మాటు వేసిన బెజ్జాలకు, ఏడాదిలో ఎక్కువ కాలం నిలిచి ఉండే బండికి.

ఈ తేడా ఎందుకంటే పూత వెనక్కి తీసుకోలేని నిర్ణయం. ఒకసారి లోపల ప్లాస్టిక్ పొర పడ్డాక ఆ ట్యాంకుకు మళ్లీ గ్యాస్ వెల్డింగ్ పెట్టలేరు. పొర కాలిపోతుంది, విషపు పొగ వస్తుంది. జిడ్డు మీదో, తడి మీదో పూసిన పూత ఏడాదికో రెండేళ్లకో అరిటాకు చీలికల్లా లేచి ట్యాప్‌కు అడ్డుపడుతుంది. నడిరోడ్డు మీద లారీల మధ్య ఇంజన్ ఆగిపోవడం అప్పుడే. ఊడిన పూతను తీయడం తుప్పు తీయడం కంటే కష్టం. దానికి వాడే ద్రావకాలు ఘాటైనవి. చెడ్డ పూత కంటే పూత లేకపోవడమే నయం అని పాత మెకానిక్‌లు అనేది అందుకే.

పూయాలనే నిర్ణయిస్తే పెట్రోలు ట్యాంకుల కోసమే తయారైన, రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ తీసుకోవాలి. ఇథనాల్‌ను తట్టుకుంటుందని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉండాలి. గొట్టాలకు పెట్టే మైనం ముద్దలు, గోడలకు పూసే రెసిన్లు పనికిరావు. ట్యాప్ బెజ్జాన్ని గ్రీజు పూసిన బోల్టుతో మూయాలి. గాలి గొట్టం ఉన్న ట్యాంకైతే అది పూతతో పూడుకుపోకుండా చూసుకోవాలి. ఎపాక్సీని పోసి ట్యాంకును నిదానంగా అన్ని పక్కలకూ తిప్పుతూ ఉండాలి. మిగిలినదంతా ఒంపేయడం ముఖ్యం. మూలన మడుగులా నిలిచిన పూత సరిగా గట్టిపడదు, మొదట ఊడేదీ అదే. ఎక్కువ పోస్తే ఎక్కువ రక్షణ అనుకోవడం సాంబారులో ఉప్పు సిద్ధాంతం.

ఎన్ని రోజులు ఆరాలో డబ్బా మీద ఉంటుంది. రేపే పండగ అని ఆ గడువును కుదించకూడదు. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు ఎపాక్సీ సరిగా పట్టదు. అందుకే బెంగాల్‌లో ఈ పనికి దసరా సెలవుల కంటే సంక్రాంతి సెలవులు నయం. బయటి రంగు ఈ పనులన్నీ అయ్యాకే. ఒక్క చుక్క ఆమ్లం, ఒక్క చుక్క ద్రావకం చాలు, వేలు పోసి వేయించిన రంగును మచ్చ చేయడానికి.

కడిగిన నీళ్లు ఎక్కడికి?

ఈ పనిలో ఎవరూ మాట్లాడని భాగం చివర్లో మిగిలే మురికి. పాత పెట్రోలు, మడ్డి, ఆమ్లం మురుగు కాలవలో పోయడం దేశమంతా ఉన్న అలవాటు. కాలవలో పోసిన పెట్రోలు ఆవిరి మరో వీధిలో నిప్పు దొరికే దాకా ఆగుతుంది. పాత పెట్రోలును మూత ఉన్న డబ్బాలో పట్టి, వాడేసిన ఆయిల్ సేకరించే గ్యారేజీకి ఇవ్వడం సరైన పద్ధతి. సీసం ఉన్న మడ్డిని పెరట్లో కూరగాయల మడి పక్కన పారబోయడం మరీ పాపం.

బండికి ట్యాంకు బిగించాక పెట్రోలు గొట్టం, ట్యాప్ జల్లెడ, రబ్బర్లు కొత్తవి వేయాలి. గొట్టం మధ్యలో చిన్న ఫిల్టర్ పెట్టి మొదటి వంద కిలోమీటర్లకోసారి, ఐదు వందలకోసారి విప్పి చూడాలి. శుభ్రంగా ఉంటే పని కుదిరినట్టు. మళ్లీ నెలల తరబడి నిలిపి ఉంచాల్సి వస్తే పెట్రోలు పూర్తిగా తీసేసి, పూత లేని ట్యాంకుకు లోపల ఆయిల్ పట్టించి, మూత బిగించాలి.

ఇంత శ్రమ ఎందుకు, పాత ఇనుముకు అమ్మేయరాదా అనేవారికీ ఒక వాదన ఉంది. 15 ఏళ్లు దాటిన బండికి మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. మోటార్‌సైకిల్‌కు ఆ రుసుమును 2022 ఏప్రిల్‌లో రూ.300 నుంచి రూ.1,000కి పెంచారు. పాత టూ స్ట్రోక్ ఇంజన్ పొగ గురించి సమర్థించడానికి ఏమీ లేదు. రోజూ ఆఫీసుకు వెళ్లే వాహనంగా దాన్ని ఎవరూ సిఫారసు చేయరు. కానీ నెలకు రెండు ఆదివారాలు తిరిగే బండిని కాపాడుకోవాలనుకునేవారు కాపాడుకునేది ఇనుమును మాత్రమే కాదు. విప్పడం, కడగడం, కారణం వెతకడం, అతకడం తెలిసిన చేతులను కూడా. వర్క్‌షాపు గేటు దాటి మూడు తరాలు నడిచిన ఇళ్లలో సైతం ఇప్పుడు ఆ చేతులు కీబోర్డుల మీదే ఉంటున్నాయి. తండ్రికి తెలిసిన పని కొడుకు నేర్చుకోవడానికి ఒక తుప్పు పట్టిన ట్యాంకు, రెండు రోజుల సెలవు, కిలో నిమ్మ ఉప్పు చాలు. రంగు సంగతి తర్వాత చూసుకోవచ్చు.